విండోస్ ఉండగానే లినక్స్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌ను ఏం చేయాలన్న దిగులు చాలామందికి ఉంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విండోస్ తీసేయకుండా దాని పక్కనే లినక్స్ (విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఇంకో సిస్టమ్) వేసుకోవడం గురించే. ఒక మాట ముందే చెబుతున్నాం. కమాండ్లను చదువుకోవడానికి వీలుగా తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్దక్షరాలు కావాల్సిన చోట ఆ సంగతి చెప్పాం.

ప్రశ్న: మా ఇంట్లో ఏడో తరం ఐ5 ల్యాప్‌టాప్ ఉంది. 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 11 దీనికి పట్టదన్నారు. మా పెద్దపాప బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతోంది. ల్యాబ్‌లో లినక్స్ నేర్పుతున్నారట, ఇంట్లో కూడా కావాలంటోంది. కానీ అందులో మా స్కూలు రికార్డులు, మా చెల్లెలి పెళ్లి ఫొటోలు ఉన్నాయి. విండోస్ పోకుండా ఎలా వేయాలో మొదటినుంచి చెప్పండి.
(ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ)

జవాబు: లినక్స్ ఎక్కించడం ఇరవై నిమిషాల పని. దానికి ముందు విండోస్‌లో చేయాల్సిన పని గంట, గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరే మీ ఫొటోలను కాపాడేది. దాన్ని మాత్రం తగ్గించుకోకండి.

మొట్టమొదట రికార్డులు, ఫొటోలు వేరే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయిందని ఊరుకోకుండా ఆ డిస్కును ఇంకో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫొటోలు తెరిచి చూడండి. తెరుచుకున్నాకే ముందుకు వెళ్లాలి.

తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'ఎంఎస్‌ఇన్‌ఫో32' అని కొట్టండి. వచ్చే పట్టికలో 'బయాస్ మోడ్' అన్న వరస చూడండి. అక్కడ యూఈఎఫ్ఐ (కంప్యూటర్ లేచే కొత్త పద్ధతి) అని ఉందా, లెగసీ (పాత పద్ధతి) అని ఉందా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. విండోస్ ఏ పద్ధతిలో ఉందో లినక్స్ కూడా అదే పద్ధతిలో ఎక్కాలి. ఒకటి అటు, ఒకటి ఇటు అయితే రెండూ ఒకే మెనూలో కనిపించవు. మీ ల్యాప్‌టాప్ ఏడో తరం కాబట్టి యూఈఎఫ్ఐ అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా చూడండి.

ఇప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే చోట 'ఫాస్ట్ స్టార్టప్' పక్కనున్న టిక్ తీసేయండి. అది బూడిదరంగులో ఉండి మారకపోతే పైన ఉన్న 'ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగ్స్ మార్చు' అన్న లింకు నొక్కాలి. ఈ టిక్ ఉన్నంతకాలం మీరు షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. డ్రైవ్ ఇంకా తన చేతిలోనే ఉందని గుర్తు వేసుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో లినక్స్ వెళ్లి అదే డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు పాడవుతాయి.

ఇక చోటు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సీ, డీ రెండు డ్రైవులుంటే ఎందులో ఎక్కువ ఖాళీ ఉందో దాని మీద రైట్ క్లిక్ చేసి 'ష్రింక్ వాల్యూమ్' ఎంచుకోండి. చదువుకునే పాపకు 60 జీబీ హాయిగా సరిపోతుంది. అంటే పెట్టెలో 61440 అని కొట్టాలి, ఎందుకంటే అక్కడ లెక్క ఎంబీల్లో, 1 జీబీకి 1024 ఎంబీ. పని అయ్యాక నల్లగీతతో 'అన్‌అలొకేటెడ్' అని ఒక ముక్క కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. దాంట్లో కొత్త డ్రైవ్ తయారు చేయవద్దు. చోటు తగ్గించే పని లినక్స్ ఇన్‌స్టాలర్ కూడా చేయగలదు కానీ, విండోస్ డ్రైవ్‌ను విండోస్ చేతే తగ్గించడం క్షేమం. ఈదురుగాలి లేస్తే కరెంటు పోయే రోజులు కాబట్టి బ్యాటరీ నిండా ఉంచి, చార్జర్ పెట్టే ఈ పని చేయండి. తర్వాత విండోస్‌ను ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేసి బాగా లేస్తోందని చూసుకోండి.

లినక్స్‌లో ఏది అంటే, మొదటిసారి వాడేవాళ్లకు మేం చెప్పేది లినక్స్ మింట్ సినమన్. మెనూ కింద ఎడమవైపు ఉంటుంది, చేయి తడుముకోవాల్సిన పని లేదు. 2024లో మొదలైన మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఉబుంటు 24.04 కూడా మంచిదే, కాకపోతే దాని ఫైలు దాదాపు 6 జీబీ. మింట్‌ది సుమారు 3 జీబీ. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీ ప్యాక్‌తో దించుకునేవాళ్లు బ్రౌజర్‌లో కాకుండా టొరెంట్ ద్వారా దించుకుంటే ఈరోజు ఆపి రేపు అక్కడినుంచే కొనసాగించవచ్చు.

దించిన ఫైలు సరిగ్గా ఉందో లేదో చూడటం ఎవరూ చేయరు. తర్వాత ఇన్‌స్టలేషన్ 70 శాతం దగ్గర ఆగిపోతే లినక్స్‌ను తిడతారు. కంప్యూటర్‌లో 7-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి అందులోని ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క తీయండి. 64 అక్షరాల వరస వస్తుంది. మింట్ వెబ్‌సైట్‌లో ఇచ్చిన వరసతో అది అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు మళ్లీ దించుకోవాల్సిందే.

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. రూఫస్ (ఆ ఫైలును పెన్‌డ్రైవ్ మీద రాసే విండోస్ ప్రోగ్రామ్) తెరిచి, ఫైలు చూపించి, పార్టిషన్ స్కీమ్‌లో జీపీటీ ఎంచుకోండి. రాసే పద్ధతి అడిగితే ఐఎస్‌ఓ మోడ్ అనండి. దాంతో పెన్‌డ్రైవ్ బూట్ కాకపోతే రెండోసారి డీడీ మోడ్‌లో రాయండి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9, అసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు ఎఫ్2తో బయాస్‌లోకి (విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగ్స్ పేజీ) వెళ్లి దాన్ని ఎనేబుల్ చేయాలి. జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ముందు రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి. కాగితం మీద రాసుకున్న మాట ఇక్కడ పనికొస్తుంది.

మింట్ పెన్‌డ్రైవ్ మీదనుంచే లేస్తుంది, డిస్కును ముట్టుకోదు. వెంటనే ఇన్‌స్టాల్ నొక్కేయకుండా అరగంట వాడి చూడండి. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, వెలుతురు తగ్గించే కీలు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా. వైఫై రాకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెదరింగ్ పెట్టుకుని, తర్వాత డ్రైవర్ మేనేజర్‌లో సరిచేసుకోవచ్చు. అదీ కుదరదని తేలితే ఇన్‌స్టాల్ చేయకముందే తెలిసినట్టు.

అన్నీ బాగుంటే డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి. డిస్కు గురించి అడిగే తెర వచ్చినప్పుడు నిదానించండి. 'ఎరేజ్ డిస్క్' అన్నది ఎంచుకుంటే విండోస్, డీ డ్రైవ్, ఫొటోలు అన్నీ పోతాయి. 'సమ్‌థింగ్ ఎల్స్' ఎంచుకోండి. పట్టికలో సుమారు 60 జీబీల 'ఫ్రీ స్పేస్' వరస కనిపిస్తుంది. దాని మీద నొక్కి, కింద ప్లస్ గుర్తు నొక్కి, రకం ఎక్స్‌ట్4, మౌంట్ పాయింట్ దగ్గర ఒక్క స్లాష్ గీత పెట్టండి. స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) వేరే ముక్క కోయనవసరం లేదు, అది ఫైలుగా తనంతట తానే ఏర్పడుతుంది. హోమ్‌కు (మన ఫైళ్లుండే ఫోల్డర్) వేరే పార్టిషన్ (డిస్కులో కోసిన ముక్క) పెట్టమని కొందరు చెబుతారు. 60 జీబీలో దాన్ని రెండుగా కోస్తే ఒకవైపు నిండిపోయి, ఇంకోవైపు ఖాళీగా పడి ఉంటుంది. ఒక్కటే చాలు. ఇక పట్టికలో 100 నుంచి 500 ఎంబీల మధ్య ఈఎఫ్ఐ అని చిన్న పార్టిషన్ ఉంటుంది. విండోస్ లేచేది దాంట్లోంచే. లినక్స్ కూడా దాన్నే వాడుకుంటుంది. దాని పక్కన ఫార్మాట్ టిక్ మాత్రం పడకూడదు.

ఆఖర్న ఊరి పేరు అడిగితే కోల్‌కతా, కీబోర్డు అడిగితే ఇంగ్లిష్ యూఎస్. పాస్‌వర్డ్ గుర్తుండేది పెట్టుకోండి, ఏ ప్రోగ్రామ్ ఎక్కించాలన్నా అది అడుగుతుంది. రీస్టార్ట్ అయ్యాక మెనూలో మింట్ పైన, 'విండోస్ బూట్ మేనేజర్' కింద ఉంటాయి. పది సెకన్లలో ఏదీ ఎంచుకోకపోతే మింట్ లేస్తుంది. ఆరోజే ఒకసారి విండోస్‌లోకీ వెళ్లి రండి.

ఇంకొక మాట. ల్యాప్‌టాప్ మెల్లగా ఉండటానికి సగం కారణం ఆ హార్డ్‌డిస్కే. వీలైతే 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి. లినక్స్ అయినా విండోస్ అయినా తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: సీ డ్రైవ్‌లో 180 జీబీ ఖాళీ ఉంది. కానీ ష్రింక్ చేద్దామంటే 6 జీబీ కన్నా ఎక్కువ ఇవ్వనంటోంది. ఎందుకు?
(ఒక పాఠకుడు, జగిత్యాల)

జవాబు: ఖాళీ ఎంత ఉందన్నది కాదు, ఆ ఖాళీ ఎక్కడుందన్నది లెక్క. విండోస్ డ్రైవ్‌ను చివరినుంచి కోసుకుంటూ వస్తుంది. దారిలో కదపలేని ఫైలు ఒకటి అడ్డం వస్తే అక్కడే ఆగిపోతుంది, దానికి ఇవతల వంద జీబీలున్నా సరే. అలా అడ్డం పడేవి ముఖ్యంగా మూడు: హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ దాచుకునే కాపీలు.

మొదటిదానికి కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ' అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి 'హెచ్', మళ్లీ ఖాళీ వదిలి 'ఆఫ్' అనండి. రెండోదానికి సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్, వర్చువల్ మెమరీ దాకా వెళ్లి 'నో పేజింగ్ ఫైల్' పెట్టండి. మూడోది సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సీ డ్రైవ్‌కు ఆపేయడమే. రీస్టార్ట్ చేసి మళ్లీ ష్రింక్ ప్రయత్నించండి. పని కాగానే పేజ్ ఫైలు, సిస్టమ్ ప్రొటెక్షన్ తిరిగి పెట్టేయండి, మర్చిపోవద్దు.

ఇంకా మొండికేస్తే ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్ లాగ్‌లో 259 నంబరు ఈవెంట్ చూడండి. ఆఖరున అడ్డం పడిన ఫైలు పేరు అందులో రాసి ఉంటుంది. అయితే ఇంత తంటా అవసరమా అని ముందు ఆలోచించండి. లినక్స్ సీ పక్కనే ఉండాలన్న రూలేమీ లేదు. డీ డ్రైవ్‌లో ఇలాంటి ఫైళ్లు మామూలుగా ఉండవు. అక్కడినుంచి 60 జీబీ అడిగితే ఒక్క క్షణంలో ఇస్తుంది.

ప్రశ్న: బాబు ఇంజినీరింగ్‌లో చేరాడని కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం, విండోస్ 11. ఉబుంటు వేద్దామంటే ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనిపించలేదు. బయాస్‌లో ఏదో మార్చమని ఎవరో చెబితే మార్చాం. ఇప్పుడు విండోస్ కూడా లేవడం లేదు. నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడుగుతోంది. అదేంటో మాకు తెలియదు.
(ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: కంగారు పడి 'రీసెట్' నొక్కకండి. నొక్కితే బాబు ఫైళ్లు పోతాయి. ముందు బయాస్‌లోకి వెళ్లి ఏది మార్చారో దాన్ని తిరిగి మునుపటిలా పెట్టండి. చాలాసార్లు అంతటితో విండోస్ కీ అడగకుండానే లేస్తుంది.

జరిగింది ఇది. విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లాగిన్ కాగానే డిస్కు మొత్తానికి తాళం పడటం ఇప్పుడు మామూలైంది. డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, లోపల ఉన్నది బిట్‌లాకరే. తాళంచెవి మదర్‌బోర్డులోని టీపీఎమ్ చిప్ దగ్గర ఉంటుంది. బయాస్‌లో కీలకమైన సెట్టింగ్ మారితే 'ఇది నేనెరిగిన మిషన్ కాదు' అన్నట్టు ఆ చిప్ చెవి ఇవ్వదు. అప్పుడు 48 అంకెల రికవరీ కీ చేత్తో కొట్టాలి. అది మొదట ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో ల్యాప్‌టాప్ మొదలుపెట్టారో ఆ ఖాతా పేజీలో ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి చూడవచ్చు. నీలం తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలు, ఖాతాలో ఉన్న ఐడీ కలిస్తే ఆ కీయే సరైనది. షాపులో వాళ్లే ఖాతా తెరిచి ఇచ్చి ఉంటే ఏ ఈమెయిల్‌తో తెరిచారో వాళ్లనే అడగండి. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్‌తో మొదలుపెట్టి ఉంటే కీ కాలేజీ ఐటీ వాళ్ల దగ్గర దొరుకుతుంది. కీ ఎక్కడా దొరకకపోతే మాత్రం ఆ డేటా ఎవరి వల్లా తెరుచుకోదు. తెరుస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

విండోస్ లేచాక అసలు పని. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్ట్ అవడం పూర్తయ్యేదాకా ఆగండి. డిస్కు నిండి ఉంటే గంట పైనే పట్టవచ్చు.

ఇక డిస్కు కనిపించకపోవడానికి కారణం ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ. కొన్ని కొత్త మోడళ్లలో దీన్నే వీఎండీ అన్న పేరుతో చూపిస్తారు. డిస్కును రెయిడ్ కంట్రోలర్ వెనక దాచిపెడుతుంది. దాన్ని మామూలు పద్ధతైన ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని పడిపోతుంది. పద్ధతి ఇలా: విండోస్ కీ, ఆర్ నొక్కి 'ఎంఎస్‌కాన్ఫిగ్' కొట్టండి. బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేస్తూనే బయాస్‌లోకి వెళ్లి రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీని ఏహెచ్‌సీఐకి మార్చి, వీఎండీ అని ఉంటే డిజేబుల్ చేసి సేవ్ చేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి కొత్త డ్రైవర్ పట్టుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్ తీసి రీస్టార్ట్ చేస్తే పని అయిపోయినట్టే. రెండు జాగ్రత్తలు. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ తెలుసుకుని మొదలుపెట్టండి. ఏసర్ మోడళ్లు కొన్నిటిలో బయాస్ మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేగానీ వీఎండీ వరస బయటపడదు.

ప్రశ్న: క్వార్టర్‌లో పాత డెస్క్‌టాప్ ఉంది. కోర్ 2 డుయో, 2 జీబీ ర్యామ్, 500 జీబీ డిస్క్. సీ, డీ, ఈ డ్రైవులున్నాయి. 40 జీబీ ఖాళీ చేశాను కానీ లినక్స్ ఇన్‌స్టాలర్ దాన్ని 'అన్‌యూజబుల్' అంటోంది. విండోస్‌లో పార్టిషన్ చేయబోతే 'డైనమిక్ డిస్క్'గా మార్చాలా అని అడిగింది. ఓకే అననా?
(ఒక సింగరేణి కార్మికుడు, గోదావరిఖని)

జవాబు: అనకండి. ఆ ఒక్క ఓకేతో లినక్స్ దారి మూసుకుపోతుంది. తిరిగి మామూలు డిస్కుగా మార్చడానికి విండోస్ డ్రైవులన్నీ చెరిపేయమంటుంది.

మీ డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిది. అందులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి. మీరు చెప్పిన మూడూ కాక, సిస్టమ్ రిజర్వ్‌డ్ అని 100 ఎంబీలది ఒకటి కనబడకుండా ఉంటుంది. నాలుగు నిండాయి. ఐదోదానికి పట్టికలో గడి లేదు. అందుకే ఖాళీ ఉన్నా వాడలేనంటోంది.

'ఈ' అన్న ఇంగ్లిష్ అక్షరం ఉన్న డ్రైవ్‌లోని ఫైళ్లు డీలోకి గానీ బయటి డిస్కులోకి గానీ మార్చి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ 'ఈ' డ్రైవ్‌ను డిలీట్ చేయండి. ఆ చోటు, మీరు తీసిన 40 జీబీ పక్కపక్కనే ఉంటే కలిసిపోతాయి. ఇన్‌స్టాలర్‌లో అక్కడ 'లాజికల్' రకం పార్టిషన్ ఎంచుకోండి. లినక్స్ లాజికల్‌లోంచి కూడా చక్కగా లేస్తుంది. మిగిలిన చోటులో ఇంకో లాజికల్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డ్రైవుల రకం) చేసుకుంటే మీ 'ఈ' డ్రైవ్ మళ్లీ వచ్చినట్టే. బూట్‌లోడర్ (లేవగానే మెనూ చూపించి సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) ఎక్కడ పెట్టాలని అడిగే చోట అంకె లేని పేరు, అంటే ఎస్‌డీఏ ఎంచుకోండి, ఎస్‌డీఏ1 కాదు. పక్కన రాసిన సైజు 500 జీబీ అని చూసుకోండి, పెన్‌డ్రైవ్ సైజు అయితే అది తప్పు డిస్కు. రూఫస్‌లో మీకు జీపీటీ కాదు, ఎంబీఆర్ పెట్టాలి.

2 జీబీకి సినమన్ బరువు. మింట్‌లోనే తేలికపాటి రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి. బ్రౌజర్‌లో రెండు మూడు ట్యాబులకు మించి తెరవకండి. పాత ర్యామ్ దొరికితే 4 జీబీ చేయించండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే పార్టిషన్ల పని ఆరోజు పెట్టుకోవద్దు, పక్కింట్లోంచి అడిగి తెచ్చుకునైనా చేయండి.

ప్రశ్న: మింట్ వేసి ఆరు నెలలైంది. విండోస్ అప్‌డేట్ అయ్యాక మెనూ రావడం మానేసింది, నేరుగా విండోస్ లేస్తోంది. నా లినక్స్ పోయినట్టేనా?
(ఒక డిగ్రీ విద్యార్థిని, మంచిర్యాల)

జవాబు: పోలేదు. మీ ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మారింది వరస మాత్రమే. ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కి 'ఉబుంటు' అన్న పేరు వెతకండి. మింట్ కూడా అక్కడ ఆ పేరుతోనే కనిపిస్తుంది, చాలామంది మింట్ అని వెతికి లేదనుకుంటారు. అది ఉంటే బయాస్‌లో బూట్ ఆర్డర్‌లో దాన్ని పైకి జరపండి. హెచ్‌పీలో అయితే 'ఓఎస్ బూట్ మేనేజర్' అన్న వరస మీద ఎంటర్ కొడితే లోపల ఇంకో చిన్న జాబితా ఉంటుంది, వరస మార్చాల్సింది అక్కడ.

పేరే లేకపోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో లేపి, మెనూలో 'బూట్ రిపేర్' తెరిచి, 'రికమెండెడ్ రిపేర్' నొక్కండి. ఇంటర్నెట్ ఉండాలి. అందుకే ఇన్‌స్టాల్ అయ్యాక ఆ పెన్‌డ్రైవ్‌ను సినిమాలకు వాడేయకుండా బీరువాలో పెట్టమంటాం.

తెర మీద 'షిమ్', 'ఎస్‌బీఏటీ' అన్న మాటలతో సెక్యూరిటీ పాలసీ తప్పు చూపిస్తే కారణం వేరు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ ఒకటి పాత లినక్స్ బూట్‌లోడర్లను ఇలాగే అడ్డుకుంది. బయాస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్‌లోడర్లనే లేవనిచ్చే కాపలా) కాసేపు ఆపి, లినక్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లన్నీ ఎక్కించి, మళ్లీ సెక్యూర్ బూట్ పెట్టండి.

దీనికి తలకిందుల సమస్య పరకాల నుంచి ఒకరు రాశారు, మెనూలో లినక్స్ ఉంది, విండోస్ లేదని. 2021లో వచ్చిన గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్) 2.06 నుంచి పక్క సిస్టమ్‌ను వెతకడం మామూలుగా ఆపేశారు. ఈటీసీ, డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైలును అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, 'గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్' వరస ముందు హ్యాష్ గుర్తు ఉంటే తీసేయండి. వరసే లేకపోతే కొత్తగా రాయండి. ఈక్వల్ గుర్తుకు ముందున్నదంతా పెద్దక్షరాల్లో, ఫాల్స్ మాత్రం చిన్నక్షరాల్లో ఉండాలి. సేవ్ చేసి టెర్మినల్‌లో (లినక్స్‌లో కమాండ్లు కొట్టే కిటికీ) 'సుడో అప్‌డేట్-గ్రబ్' కొట్టండి. కింద 'విండోస్ బూట్ మేనేజర్ దొరికింది' అన్న అర్థంలో ఒక వరస వస్తే అయిపోయినట్టే.

ప్రశ్న: లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. బ్యాటరీ మార్పించినా అంతే.
(ఒక పాఠకుడు, నిర్మల్)

జవాబు: బ్యాటరీ తప్పేమీ లేదు. ఆ ఐదున్నర గంటలే గుట్టు చెబుతోంది, మన టైముకు, గ్రీనిచ్ టైముకు తేడా అంతే. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ గ్రీనిచ్ టైము రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమనుకుని చదువుతుంది. లినక్స్ టెర్మినల్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' కొడితే లినక్స్ కూడా మన టైమే రాస్తుంది.

ప్రశ్న: లినక్స్‌లోంచి డీ డ్రైవ్ తెరుచుకుంటుంది కానీ ఏమీ పేస్ట్ కాదు. 'రీడ్-ఓన్లీ' అంటుంది.
(ఒక పాఠకుడు, ఆదిలాబాద్)

జవాబు: ఫాస్ట్ స్టార్టప్. మొదటి జవాబులో చెప్పిన టిక్ తీసేసి, విండోస్‌ను ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి. ఆ టిక్ మీరు ఇదివరకే తీసి ఉంటే పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత తిరిగి పడిందేమో చూడండి.

ప్రశ్న: వరంగల్‌లో డీటీపీ షాపు నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడతాను, ఆపిల్ కీబోర్డు లేఅవుట్ అలవాటు. మొత్తం లినక్స్‌కు మారిపోవచ్చా?
(ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: మొత్తం మారవద్దు. మీలాంటివాళ్ల కోసమే రెండూ పక్కపక్కన ఉంచుకోవడం. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ రెండూ విండోస్ కోసం చేసినవి. పైగా అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంకేతం ఉండే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు అమర్చి చేసినవి. తలకట్టు ఒక గడి, ఒత్తు ఒక గడి. అందుకే పాత పత్రికను లినక్స్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి. పెళ్లి పత్రికలో పేరు తప్పు పడితే ఆ మాట మీ షాపుకే వస్తుంది, కాబట్టి మార్చినదాన్ని అక్షరం అక్షరం చదవాల్సిందే. పాత గిరాకీ పని విండోస్‌లోనే సాగనివ్వండి.

కొత్తగా టైప్ చేసే వాటికి లినక్స్ బాగుంటుంది. మీ చేతి అలవాటు కూడా మార్చుకోనక్కరలేదు. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ (వేరే భాషల్లో టైప్ చేయించే ప్రోగ్రామ్) ఎక్కించి, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'ఐబస్-ఎం17ఎన్' వేయండి. లాగౌట్ అయి వచ్చాక ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన అని వరసగా లేఅవుట్లు కనిపిస్తాయి. ఆపిల్ ఎంచుకుని ముందు 'క్ష', 'జ్ఞ', 'స్త్రీ' కొట్టి చూడండి. మీరు విండోస్‌లో వాడే ఆపిల్‌కు, దీనికి ఒకటి రెండు కీలు తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' ప్యాకేజీ వేస్తే పోతన 2000, వేమన 2000 ఫాంట్లు వస్తాయి. ఫ్లెక్సీ డిజైన్‌కు ఇంక్‌స్కేప్ అన్న డిజైన్ ప్రోగ్రామ్‌లో యూనికోడ్ తెలుగు చక్కగా అమరుతుంది.

ప్రింటర్ సంగతి ముందే చూసుకోండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 రకానివి లినక్స్ గుర్తుపడుతుంది కానీ 'హెచ్‌పీ-ప్లగిన్' అన్న కమాండ్‌తో ఒకసారి ఇంటర్నెట్‌లోంచి ప్లగిన్ దించితేనే కాగితం కదులుతుంది. క్యానన్ ఎల్‌బీపీ 2900 వాడేవాళ్లకు మాత్రం సీఏపీటీ డ్రైవర్‌తో చాలా తంటా. ఆ ప్రింటర్ ఉంటే పీడీఎఫ్ చేసి విండోస్‌లోంచి ప్రింట్ తీసుకోవడమే సుఖం.

ప్రశ్న: మా తమ్ముడు లినక్స్ వద్దని విండోస్‌లోకి పోయి ఆ పార్టిషన్ డిలీట్ చేసిండు. ఇప్పుడు ఆన్ చేస్తే నల్ల తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అని వచ్చి ఆగుతున్నది. ఏం చేయాలె?
(ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: విండోస్ క్షేమంగానే ఉంది. దాన్ని లేపే మెనూ లినక్స్ పార్టిషన్‌లో ఉండేది, మీ తమ్ముడు ఇల్లు కూలుస్తూ వాకిలి కూడా తీసేశాడు, అంతే.

యూఈఎఫ్ఐ కంప్యూటర్ అయితే బూట్ మెనూ కీ నొక్కి 'విండోస్ బూట్ మేనేజర్' ఎంచుకోండి, లేస్తుంది. తర్వాత బయాస్‌లో దాన్నే మొదటి వరసలో పెట్టండి. పాత లెగసీ కంప్యూటర్ అయితే విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి, రిపేర్‌లోంచి కమాండ్ ప్రాంప్ట్‌కు వెళ్లి 'బూట్‌రెక్' కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి 'ఫిక్స్‌ఎంబీఆర్' అనండి. రీస్టార్ట్ చేస్తే విండోస్ వస్తుంది. తీసేయదలచుకున్నవాళ్లు ఈ పని ముందు చేసి, పార్టిషన్ తర్వాత డిలీట్ చేస్తే నల్ల తెరే రాదు.

మిగిలిన చోటును తిరిగి కలుపుకోవాలంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' ఉంది. అయితే ఖాళీ ముక్క ఆ డ్రైవ్‌కు కుడిపక్కన ఆనుకుని ఉంటేనే అది పనిచేస్తుంది. మధ్యలో రికవరీ పార్టిషన్ ఏదైనా ఉంటే ఎక్స్‌టెండ్ బూడిదరంగులో ఉండిపోతుంది. దానికోసం రికవరీని చెరపకండి. ఖాళీ ముక్కను కొత్త డ్రైవ్‌గా చేసి వేరే అక్షరం ఇచ్చి వాడుకోండి. యూఈఎఫ్ఐ బూట్ జాబితాలో 'ఉబుంటు' అన్న పేరు ఇంకా కనిపిస్తూ ఉంటే ఉండనివ్వండి. ఈఎఫ్ఐ పార్టిషన్‌లో అది తీసుకునే చోటు కొద్ది ఎంబీలే, దానివల్ల విండోస్‌కు ఏ ఇబ్బందీ లేదు.